సాక్ష్యం చెప్పిన నోరు

నేను బస్సు కండక్టర్ని. బోధన్ నుంచి నిజామాబాదుకు, నిజామాబాదు నుంచి బోధన్‌కు, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎక్కువగా ఆ ఒక్క రోడ్డు మీదే తిరిగాను. నాకు నోరెక్కువని ఇంట్లోనూ డిపోలోనూ పేరు. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో కాలు పెట్టే చోటు ఉండడం లేదు. ఆ గుంపులో మనుషుల్ని ముందుకు జరపాలంటే మెత్తటి నోరు పనికిరాదు. అయితే ఈ నోరు మా అవ్వ ముందు మాత్రం ఏనాడూ చెల్లలేదు. అవ్వ అంటే మా అమ్మే. మా వైపు కన్నతల్లిని అలాగే పిలుస్తాం.

అవ్వ బతుకు చాలావరకు చెరుకు తోటల్లో గడిచింది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కోటగిరి వైపు తోటల్లో చెరుకు కొట్టింది, కట్టలు కట్టింది, బండ్లకెత్తింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ తోటలు వరి మళ్ళయ్యాయి, అవ్వ నాట్లకు పోయింది. బాపు, అంటే మా నాన్న, పోయాక బోధన్‌లో మా ఇంటికొచ్చేసింది. మేము మెథడిస్టులం. ఆదివారం గుడికి పోకపోతే అవ్వకు అన్నం సయించదు. మేము చర్చిని గుడి అనే అంటాం, పాస్టరుగారిని అయ్యగారు అంటాం.

అవ్వ గురించి ముందే చెప్పవలసిన సంగతి ఇంకొకటుంది. ఆమె అబద్ధమాడదు. పొగుడుతున్నానని అనుకోకండి, దానితో నేను పడ్డ అవస్థలు నాకే తెలుసు. నన్ను చూడడానికి పెళ్ళివారు వచ్చినప్పుడు, పిల్ల గుణమెట్లాంటిదని ఎవరో మర్యాదకి అడిగితే, "మంచిదే గానీ కోపం జర ఎక్కువ" అని చాయ్ గ్లాసులు అందిస్తూ చెప్పేసింది. మా ఆయన ఇప్పటికీ ఆ మాట తీస్తాడు. "అత్త ముందుగల్లనే చెప్పింది. నేనే ఇనలే" అంటాడు.

మొదటిసారి పక్షవాతం వచ్చిన రోజు పొద్దున అవ్వ జొన్నరొట్టెలు చేస్తోంది. నేను పక్క గదిలో డ్యూటీకి తయారవుతున్నాను. రొట్టె తట్టే చప్పుడు ఒక వరసలో వస్తూ వస్తూ తడబడింది, ఆగింది, మళ్ళీ ఒక్క దెబ్బ వినపడింది. పోయి చూస్తే కుడి చెయ్యి పిండి మీద వాలిపోయి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది. ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. మా ఆయన ఆటో తెచ్చాడు. నిజామాబాదు పెద్దాసుపత్రికి చేరేదాకా నేను ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాను, ఆ చెయ్యి మాత్రం నన్ను పట్టుకోలేదు.

వేళకు తెచ్చారన్నాడు డాక్టరు. అవ్వ బతికింది. ఇంటికి పంపే రోజు ఆయన నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చింది ఇది. ఒకసారి వచ్చినవాళ్ళకు రెండోది వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. రెండోది మొదటిదానిలా వదిలిపెడుతుందని నమ్మకం లేదు. బాగైపోయింది కదా అని గోళీలు ఆపేసి మళ్ళీ నా దగ్గరికే తిరిగొచ్చేవాళ్ళను చాలామందిని చూస్తున్నాను. బీపీ గోళీ, రక్తం పలచబడే గోళీ, ఇవి రోజూ పడాల్సిందే. మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆగకండి. అది తనంతట తాను తగ్గిపోయినా సరే, తీసుకురండి. నోట్లో నీళ్ళు కూడా పొయ్యొద్దు."

స్టేజీల చార్జీలు నేర్చుకున్నట్టే ఆ మాటల్ని బట్టీపట్టాను. "రెండోది" అన్న మాట మాత్రం మా ఇంట్లో తిష్ట వేసుకుని కూర్చుంది. అవ్వ దగ్గితే భయం, పిలిస్తే వెంటనే పలక్కపోతే భయం. పొద్దున్నే లేచి ఆమెను నవ్వించేదాన్ని, మూతి సమంగా ఉందా లేదా చూడ్డానికి. రెండు చేతులూ పైకెత్తించేదాన్ని. ఒక పూర్తి మాట చెప్పమనేదాన్ని.

"ఇయ్యాల ఏం వారమవ్వా?"

"నీ మొగన్ని అడుగుపో. నేనేమన్న బడికి పోతున్ననా?"

ఆ తిట్టు విన్నాకే నాకు ఊపిరాడేది. సంచీ భుజాన వేసుకుని డిపోకి పరుగెత్తేదాన్ని.

ఈలోగా చూడవచ్చిన చుట్టాలు తలా ఒక వైద్యం చెప్పారు. మోర్తాడ్ నుంచి మా చిన్నమ్మ వట్టి చేతులతో రాలేదు, గంపలో పావురాన్ని తెచ్చింది. దాన్ని కోసి వెచ్చటి రక్తం చేతికి, కాలికి మర్దన చేస్తే పక్షవాతం పారిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. నేను ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాను. చిన్నమ్మ అలిగి, చాయ్ కూడా తాగకుండా, పావురాన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయింది. మా ఆయన దాన్ని గాల్లోకి ఎగరేస్తే అది పోయి మా నీళ్ళ ట్యాంకు మీద వాలింది. ఇప్పటికీ అక్కడే ఉంటోంది. అవ్వ దానికి జొన్నలు చల్లుతూ, "మా సెల్లె పంపిన డాక్టరు" అంటుంది.

అవ్వకు నయం చేసింది గోళీలు, ఎక్సర్‌సైజులు, ఆమె మొండితనం. కుడిచేతికి పిండి ముద్ద ఇచ్చి పిసకమనేవాళ్ళం. మొదట్లో రొట్టెలు వంకరటింకరగా వచ్చేవి, ఆమెకే నవ్వొచ్చేది. వానలు వెళ్ళి చలి మొదలయ్యేసరికి రొట్టె గుండ్రంగా వచ్చింది. ఆ రోజు ఆ రొట్టెను నేను తినలేదు. చుట్టుపక్కల ఇళ్ళకు తీసుకుపోయి చూపించి వచ్చాను.

కోతల పండుగ వచ్చింది. మా గుడిలో ఆ రోజు ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. వడ్లు, సొరకాయలు, కోళ్ళు, పసుపు కొమ్ములు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ గోల నాకిష్టం, నా నోరు అక్కడ పనికొస్తుంది. ఆ రోజే మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. దేవుడు తమకు ఏం చేశాడో అందరి ముందు నిలబడి చెప్పడమన్నమాట. అవ్వ రెండు చెరుకు గడలు భుజాన పెట్టుకుని, చేతికర్ర లేకుండా, వెనక వరసల నుంచి ముందుదాకా నడిచింది. గడలు దించి ఇటు తిరిగింది.

"మూతి వంకర పోయి, సెయ్యి పడిపోయి, మాట లేకుంట అయిన మనిషిని. దేవుడు నన్ను లేపిండు. నన్ను బాగుజేసిండు. నాకిగ ఏ రోగం లేదు" అంది.

గుడంతా స్తోత్రం అంది. నేను ఏడ్చాను, మా ఆయన కూడా ముక్కు తుడుచుకున్నాడు. ఆ రోజుతో నా గుండెల మీది బరువు దిగినట్టయింది. రెండోది అన్న మాటే మర్చిపోయాను.

గోళీలు మాత్రం మానలేదు. రోజూ పొద్దున నేనే విప్పి అవ్వ అరచేతిలో పెట్టి, పక్కన చెంబు పెట్టి, బస్సు టైమవుతోందని ఉరికేదాన్ని. అలా చాన్నాళ్ళు గడిచింది.

జక్రాన్‌పల్లిలో మా చుట్టాల పెళ్ళి. అవ్వ ముందుగా బయలుదేరి నా బస్సే ఎక్కింది. నిజామాబాదులో ఇంకో బస్సు మారాలి. మా ఇద్దరికీ బస్సులో ఒక ఆట ఉంది. ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు కోసం ఆడవాళ్ళందరినీ అడిగినట్టే ఆమెనూ అడుగుతాను, "అమ్మా, ఆధార్ కార్డు?" అని. ఆమె కార్డు నా ముక్కు దగ్గర పెట్టి, బస్సంతా వినపడేలా, "నిన్ను కన్నదాన్నే, నన్ను కార్డు అడుగుతవా?" అంటుంది. ఆ రూట్లో రోజూ తిరిగేవాళ్ళకు ఈ ఆట తెలుసు, నవ్వుతారు.

ఎడపల్లి దాటాక ఆమె సీటు దగ్గరికి వచ్చాను. "అమ్మా, ఆధార్ కార్డు?"

అవ్వ నా వైపు చూసింది. కార్డు ఎత్తబోయింది. అది వేళ్ళ మధ్య నుంచి జారి కింద పడింది. "నిన్ను... పొయ్యి... పొయ్యిల..." అంది. పెదవి కుడి కొస కిందికి జారి ఉంది.

టికెట్ల మిషను వదిలేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను. రెండోది వచ్చేసిందనుకున్నాను. విజిల్ మెడలోనే ఉంది, దాని మాటే గుర్తు రాలేదు. "అన్నా, ఎక్కడ ఆపకు! సీదా పెద్దాసుపత్రికి పోనియ్యి! మా అవ్వ!" అని డ్రైవరుకు వినపడేలా అరిచాను. ఆయన అద్దంలోంచి ఒక్కసారి చూసి ఏమీ అడగకుండా గేరు మార్చాడు. పక్క సీటులో మహారాష్ట్ర వైపు నుంచి వస్తున్న ముసలామె "పాణీ ద్యా, పాణీ ద్యా" అంటూ తన సీసా అవ్వ నోటి దగ్గర పెట్టబోయింది. ఆ సీసాను తోసేశాను. పాపం ఆమె మరాఠీలో నన్ను గట్టిగానే తిట్టింది, మళ్ళీ తనే అవ్వ తల ఒళ్ళోకి తీసుకుంది. జానకంపేటలో చేతులెత్తినవాళ్ళు చేతులెత్తినట్టే ఉండిపోయారు. అక్కడ దిగాల్సిన పెద్దమనిషి లేచి నిలబడ్డాడు, నా ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాడు. "నేను వాపస్ వస్త తియ్యి బిడ్డా. ముందుగల్ల నీ తల్లిని సూడు" అన్నాడు.

నిజామాబాదు అంచుకు వచ్చేసరికి, నేను నలిపేస్తున్న చెయ్యి నా చేతిని నెట్టింది.

"గట్ల గుంజుతవేందే? సెయ్యి నొస్తున్నది."

మాట స్పష్టంగా వచ్చింది, మూతి సమంగా ఉంది. నేను కండక్టర్నన్న సంగతి మరిచి, బస్సు మధ్యలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. అవ్వ మాత్రం ముసలామె ఒళ్ళోంచి లేచి కొంగు సర్దుకుని, తన కార్డేదని వెతుక్కుంటోంది. డ్రైవరు వెనక్కి తిరిగి, "బాగయింది గదా అక్కా. బస్టాండుకు పోదామా?" అన్నాడు. అవ్వ కూడా పెళ్ళికి ఆలస్యమవుతుందని గొణిగింది. ఒక్క క్షణం నాకూ అలాగే అనిపించింది. డాక్టరు మాట గుర్తొచ్చి, "వద్దన్నా, దవాఖానకే" అన్నాను. బస్సు తీసుకుపోయి గేటు ముందరే ఆపాడు.

మొదటిసారి చూసిన డాక్టరే ఉన్నాడు. స్కానింగు చేయించి, బీపీ చూసి, కనుబొమలు ముడిచాడు.

"అదృష్టవంతులు. ఇది వచ్చి పోయింది, ఏ నష్టమూ చెయ్యలేదు. కానీ ఇలా వచ్చి పోయేది పెద్దదానికి ముందు కబురు. తగ్గిపోయిందని ఇంటికి పోయేవాళ్ళే ఎక్కువ. మీరు వచ్చారు, మంచి పని చేశారు. బీపీ ఎందుకింత ఉంది? గోళీలు సరిగ్గా వాడుతోందా?"

"రోజు నా చేత్తోని నేనే ఇస్త సార్" అన్నాను, ఛాతీ ముందుకు పెట్టి.

డాక్టరు అవ్వ వైపు తిరిగాడు. "గోళీలు వేసుకుంటున్నావా అమ్మా?"

"లేదు సార్" అంది అవ్వ.

నేను నోరు తెరిచేలోపే ఎప్పటి నుంచి అని ఆయనే అడిగాడు. "కోతల పండుగ కాంచి. సాక్ష్యం సెప్పినంక ముట్టలే."

"సాక్ష్యమా? ఏ కోర్టులో?" అన్నాడు ఆయన, నిజంగానే అర్థంకాక.

అవ్వ చెప్పింది. నాకిక ఏ రోగం లేదని దేవుని ముందర, ఇంతమంది ముందర చెప్పింది. "సాక్ష్యం సెప్పిన నోట్లెనే మళ్ళ రోగపు గోళీ ఎట్లేసుకుంట సార్? ఏసుకుంటె నేను సెప్పింది అబద్ధమైతది." నేను అరచేతిలో పెట్టి పరుగెత్తగానే, ఆ గోళీల్ని ఖాళీ పౌడరు డబ్బాలో దాచిందట. మందు పారేస్తే పాపమని పారెయ్యలేదు. మింగినట్టు నటించడం చేతకాదు కనుక నటించనూ లేదు. నేను ఒక్కరోజు వెనక్కి తిరిగి చూసినా దొరికిపోయేది, అడిగితే చెప్పేసేది కూడా.

ఆసుపత్రి అని చూడకుండా అరిచాను. "సావాలనుకున్నవా? దేవుడు వచ్చి గోళీలు బంద్ చెయ్యమన్నడా నీకు?" నర్సు వచ్చి నన్ను బయట నిలబెట్టింది. అక్కడ గోడకానుకుని నిలబడితే, కోపం కింద నుంచి మెల్లగా సంతోషం పైకి వచ్చింది. తిట్టడానికి మనిషి ఉంది. తిరిగి మొండిగా జవాబు చెబుతోంది. నాకు ఇంకేం కావాలి?

ఇంటికి వచ్చాక గోళీలు మింగేదాకా పక్కన నిలబడ్డాను, నోరు తెరిపించి చూశాను. అవ్వ ఎదురు చెప్పలేదు, మింగింది. కానీ ఆ ఆదివారం గుడికి రానంది. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. ఆరాధన వేళకు తెల్లచీర కట్టుకుని గుమ్మంలో కూర్చునేది, గంట మోగితే తల దించుకునేది. విషయం తెలిసి అయ్యగారు వచ్చారు. మందు కూడా దేవుడిచ్చిందేనని, మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదని ఎంతో మంచిగా చెప్పారు. ఆయన ఏనాడూ ఎవరినీ గోళీలు మానమని అనలేదు.

"గోళీ మంచిది కాదని నేనన్ననా అయ్యగారు?" అంది అవ్వ. "నాకు రోగం లేదని గుడి ముందర సెప్పిన. రోగమున్నది. మరి గది అబద్ధ సాక్ష్యం కాదా? ఏ మొఖం పెట్టుకోని వచ్చి బల్ల దగ్గర కూసుందు?"

బల్ల అంటే మా గుడిలో ప్రభువు రొట్టె, ద్రాక్షారసం తీసుకునే చోటు. అయ్యగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. అవ్వ ప్రాణం నిలిచిందని నేను సంతోషపడుతుంటే, ఆమె లోపల్లోపల కుంగిపోతోంది. పావురానికి గింజలు వెయ్యడం కూడా నేనే గుర్తు చెయ్యాల్సి వచ్చింది. ఇదేం బాగుపడడమని నాకు దిగులుగా ఉండేది.

ఒక శనివారం మా గుడి గంట కొట్టే పెద్దాయన వచ్చాడు. నేను ఆయన్ని మామా అంటాను. అవ్వ అన్నా అంటుంది, ఆయన ఆమెను చెల్లె అంటాడు. ఆయనకూ అవ్వకంటే ముందే పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు ఈడుస్తూనే నడుస్తాడు, అయినా గంట తాడు ఇంకొకరికి ఇవ్వడు.

"ఎందుకు వస్తలేవు సెల్లె? నువ్వు లేకుంటె గుడి బోసిపోయింది" అన్నాడు. అవ్వ ఏమీ అనకముందే తనే అందుకున్నాడు. "నీ సాక్ష్యం నా కడుపుల పడ్డది. గానాడే అనుకున్న, ఆడమనిషికున్న విశ్వాసం నాకు లేకపాయెనా అని. గా దినం నుంచి నేను గూడ గోళీలు బంద్ జేసిన."

అవ్వ ముఖం మాడిపోయింది. నేను నోరు తెరవబోతే చేత్తో ఆపింది. లోపలికి పోయి పౌడరు డబ్బా తెచ్చి ఆయన చేతిలో కుమ్మరించింది. బస్సులో జరిగింది, డాక్టరు అన్నది, అన్నీ చెప్పింది. పెద్దాయన ఆ గోళీల్ని వేలితో కదుపుతూ విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నువ్వు ఇంట్ల సెప్తున్నవ్ సెల్లె. గుడిల సెప్పింది ఒకటి, ఇంట్ల సెప్పేది ఒకటా? గుడిల సెప్పు. అప్పుడు ఏసుకుంట."

"రేపటి దాక నీ నరం ఆగుతదా మామా?" అని నేను మండిపడ్డాను. మొదలే నాకు కోపమెక్కువ, పైగా ఈ ముసలివాళ్ళ పట్టుదలలు. ఆయన గోళీల్ని భద్రంగా డబ్బాలోకి పోసి, కాలీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా అవ్వ ఏమీ తినలేదు. నేను బట్టలుతుకుతుంటే వచ్చింది. వంట చేస్తుంటే వచ్చింది. వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న.

"అన్న మంచిగనే ఉంటడు గదనే?"

ఇన్నాళ్ళూ నేను పడ్డ బాధేమిటో ఇప్పుడు తెలిసిందా అని నాకు లోపల కసిగానే అనిపించింది. మరుక్షణం జాలేసింది. ఫోను కలిపి ఇచ్చాను. పెద్దాయన గొంతు విన్నాక రెండు ముద్దలు తింది.

ఆదివారం అవ్వ అందరికంటే ముందు తయారైంది. గోళీ వేసుకుంది, నేను చూడకముందే నోరు తెరిచి చూపించింది. మొదటి గంట వేళ అయింది. గంట మోగలేదు. అవ్వ గుమ్మం పట్టుకుని నిలబడింది. నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన చెప్పులు వేసుకోబోతుండగా గంట మోగింది. కాలు బాగాలేనివాడు కదా, మెట్లెక్కడానికి ఆ రోజు కాస్త ఆలస్యమైందట. అవ్వ అక్కడే గడప మీద కూలబడి, "దేవా, దేవా" అంది. తర్వాత లేచి మా ఇద్దరికంటే ముందు నడిచింది.

అవ్వ ముందే అడిగి పెట్టడంతో, ఆరాధన మధ్యలో అయ్యగారు ఆమెను పిలిచారు. ఈసారి ఆమె చేతుల్లో చెరుకు గడల్లేవు.

"కోతల పండుగ నాడు నేనొక సాక్ష్యం సెప్పిన" అని మొదలుపెట్టింది. "దేవుడు నన్ను లేపిండని సెప్పిన. గది నిజం. నాకిగ ఏ రోగం లేదని గూడ సెప్పిన. గది నిజం కాదు, నాకు తెల్వక సెప్పిన. మనం సెరుకు కొడ్తం. తోటంత సాఫ్ అయితది. గానీ మొదలు భూమిలనే ఉంటది, మళ్ళ మొలుస్తది. నా ఒంట్ల రోగం గట్లనే ఉన్నది. గా ముచ్చట తెల్వక గోళీలు ఇడిసిపెట్టిన. బస్సుల నా మాట పోయింది. దేవుడు మళ్ళొకపారి నా మాట నాకిచ్చిండు. ఇచ్చిన మాటతోని గిదే సెప్తున్న. ఇయ్యాల పొద్దుగాల నేను గోళీ ఏసుకోని గుడికొచ్చిన. బతికినన్ని దినాలు ఏసుకుంట. నా సాక్ష్యం ఇని ఎవలన్న బంద్ జేస్తె, గా తప్పు నాది. డాక్టరు దగ్గరికి పోండ్రి. మళ్ళ మొదలువెట్టుండ్రి."

గుడిలో చప్పుడు లేదు. మొదటిసారి అందరూ స్తోత్రం అన్నారు కదా, ఈసారి ఎవరికీ ఏమనాలో తెలియలేదు. అవ్వ కదల్లేదు, అక్కడే నిలబడింది. నాకు పోయి పక్కన నిలబడాలనిపించింది. అప్పుడు వెనక నుంచి, గంట తాడు దగ్గర నుంచి, ఒక్క గొంతు వినపడింది.

"స్తోత్రం."

తర్వాత ఇంకో గొంతు, తర్వాత గుడంతా.

ఆపేసినవాడు పెద్దాయన ఒక్కడే కాదని బయటికి వచ్చాక తెలిసింది. పాటలు పాడే ఒకామె నా కొంగు పట్టుకుని పక్కకు లాగి, నేను కూడా ఆపేశాను, ఏం చెయ్యాలని అడిగింది. "రేపు నా బస్సు ఎక్కుండ్రి. సీదా డాక్టరు ముందట దింపుత" అని ఇద్దరికీ చెప్పాను. మర్నాడు డాక్టరు ఇద్దరినీ చూసి, ఇన్నాళ్ళు ఏమీ కాకపోవడం అదృష్టమని, మళ్ళీ గోళీలు మొదలుపెట్టించాడు. అవ్వ ఆ సాయంత్రం కడుపునిండా తిని, తిన్నది చాలక ఇంకో రొట్టె అడిగింది.

ఇప్పుడు ఆ అన్నాచెల్లెళ్ళు ఒకరికొకరు కాపలా కాస్తున్నారు. రోజూ పొద్దున ఫోను మోగుతుంది. "ఏసుకున్నవా అన్నా?" "ఏసుకున్న సెల్లె. నువ్వు?" ఇద్దరూ అబద్ధమాడేవాళ్ళు కాదు కనుక నేను నోరు తెరిపించి చూడడం మానేశాను. రెండోది ఇక రానే రాదని డాక్టరు చెప్పలేదు, నేనూ అనుకోను. కానీ ఆ మాటతో పాటు ఇంట్లో నిద్రపోవడం నేర్చుకున్నాను. బస్సులో చెయ్యి వేలాడేసుకునో కాలీడ్చుకునో ఎవరైనా ఎక్కితే మాత్రం ఊరుకోను. "గోళీలు ఏసుకుంటున్నవా అన్నా?" అని అడిగాకే టికెట్టు ఇస్తాను. కండక్టరువా, డాక్టరువా అని డ్రైవరు ఎగతాళి చేస్తాడు.

మొన్న అవ్వను డాక్టరుకు చూపించడానికి తీసుకుపోవలసి వచ్చింది. ఆ రోజు తర్వాత ఆమె నా బస్సు ఎక్కడం అదే మొదలు. అందరికీ టికెట్లు కొట్టుకుంటూ వచ్చాను. ఎడపల్లి దాటాం. ఆమె సీటు దగ్గర ఆగాను. అడగాలా వద్దా అనుకున్నాను. అడిగాను.

"అమ్మా, ఆధార్ కార్డు?"

అవ్వ నన్ను కిందికీ పైకీ చూసింది. కుడిచేత్తో కార్డు తీసింది, గట్టిగా పట్టుకుంది, నా ముక్కు దగ్గర పెట్టింది.

"నిన్ను కన్నదాన్నే, నన్ను కార్డు అడుగుతవా?"

ప్రతి మాటా నిండుగా, ఏదీ జారకుండా, బస్సంతా వినపడేలా వచ్చింది. అందరూ నవ్వారు. నేను మిషను నొక్కి, జీరో టికెట్టు చింపి ఆమె చేతిలో పెట్టాను.